సన్నాయి కురుమూర్తి ముక్కు

2022 ఆషాఢం. వనపర్తిలో నేను పనిచేసే చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలో ఏటా ఆ నెలలో ముక్కు ఆపరేషన్లు కాస్త ఎక్కువగా జరుగుతాయి. కారణం పంచాంగంలో ఉంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి నలుగురిలోకి వెళ్లే పని తక్కువ. ముఖం మీద కట్టుతో, కళ్లకింద నీలపు మచ్చలతో ఇంటిపట్టున కూర్చోవడానికి అంతకన్నా మంచి నెల లేదు.

మాది పది పడకల ఆసుపత్రి. ఒక్కరే డాక్టర్, ప్రసూన మేడం. నలుగురం సిస్టర్లం, అందరిలో పెద్దదాన్ని నేను. మొదటి పదేళ్లు నాగర్‌కర్నూల్‌లో కాన్పుల వార్డులో చేసి, తర్వాత ఇక్కడికి వచ్చి పన్నెండేళ్లు దాటింది. నాకు కోపం తొందరగా వస్తుంది, అంతే తొందరగా పోతుంది. "సిస్టరమ్మ నోరు కారం, చెయ్యి మెత్తన" అని పేషెంట్లు నా వెనక అనుకుంటారని తెలుసు. సగం పొగడ్తే కదా అని ఊరుకుంటాను.

ఆ నెల మొదటి వారంలో గద్వాల దగ్గరి పల్లె నుంచి కురుమూర్తి వచ్చాడు. ముప్పై ఆరేళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ, పక్కన భార్య జయమ్మ. అతని ముక్కు నడిమిన గూనిలా లేచి, అక్కణ్నుంచి ఎడమకు ఒరిగి ఉంది. చూడగానే, ఎప్పుడో విరిగి అలాగే అతుక్కున్న ముక్కని అర్థమైంది. పన్నెండేళ్ల వయసులో తండ్రితో పెబ్బేరు సంతకు వెళితే ఎద్దు తల విసిరిందట, కొమ్ము ముక్కుకు తగిలిందట.

"ఏం తక్లీఫ్? గాలి ఆడుతలేదా?" అని అడిగాను.

"ఎడమ దిక్కు ఆడదు సిస్టరమ్మా. చిన్నప్పటి సంది గంతే, అలవాటైంది. దానికి రాలే. నాకు జర మంచిగ కనబడాలని ఉన్నది."

నాకు నవ్వొచ్చింది, ముచ్చట కూడా వేసింది. అందం కోసం వచ్చే మగవాళ్లు మా దగ్గర శ్వాస పేరు చెబుతారు. శ్వాస ఇబ్బంది నిజంగా ఉండి కూడా అందం పేరు చెప్పిన మొదటి మనిషి ఇతనే.

అతనిది పెళ్లిళ్లలో వాయించే మేళం. సన్నాయి అతనిది, డోలు బావమరిదిది, ఇంకా ఇద్దరు ఉంటారు. గద్వాల, వనపర్తి చుట్టుపక్కల పెళ్లిళ్లే కాక రాయచూరు వైపు నుంచి కూడా పిలుపులు వస్తాయట. "ఇప్పుడు పెండ్లంటే వీడియోనే గద. కెమెరాలోళ్లు నన్ను పక్కకు జరుగుమంటరు, మా బావమరిదిని ముంగట నిలవెడ్తరు. మేళానికి పెద్దను నేను. సన్నాయి ఇనవడ్తది గని మనిషి కనవడడు."

"గీ ముక్కుతోనే నన్ను పెండ్లి చేసుకున్నడు. నాకైతే అడ్డం రాలే," అంది జయమ్మ. ఆమె గద్వాలలో నేతవాళ్ల ఇళ్లకు నూలు కండెలు చుట్టే పనికి వెళుతుంది. మాట తక్కువ, చూపు ఎక్కువ.

మేడం పరీక్ష చేశారు. రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడను సెప్టమ్ అంటాం. కురుమూర్తికి అది ఎడమకు వంగి ఆ దారిని దాదాపు మూసేసింది. ఆ గోడను సరిచేస్తూనే పైన గూనిని తగ్గించి, ముక్కును నిటారుగా నిలిపే ఆపరేషన్‌ను సెప్టోరైనోప్లాస్టీ అంటారు. శ్వాస, రూపం రెండూ ఒకే కోతలో బాగవుతాయి. అన్నీ చెప్పాక మేడం, "సన్నాయి ఆరు వారాలు ముట్టొద్దు. ఊదితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది," అన్నారు.

కురుమూర్తి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఆరు వారాలంటే శ్రావణం సగం పోతుంది. ఒప్పుకున్న రెండు పెళ్లిళ్లు వేరే మేళానికి అప్పజెప్పాలి. భార్య వైపు చూశాడు. ఆమె తలూపింది. అతను సంతకం పెట్టాడు.

ఇప్పుడు తలుచుకుంటే, సన్నాయి గురించి మేము ఆలోచించింది ఆ ఒక్క మాట వరకే. మా లెక్కలో సన్నాయి అంటే ఊదేది. ఊదేది నోటితో. ముక్కుకు దాంతో పనేముంది అనుకున్నాం.

ఎనిమిదో రోజు కట్టు విప్పాం. వాపు ఉన్నా ముక్కు నిటారుగా నిలబడింది. అద్దం ఇస్తే చాలాసేపు చూసుకున్నాడు. జయమ్మ మాత్రం, "కొత్త మనిషి లెక్క కొడుతుండు. ఇంటికి రానియ్యాల్నా వద్దా?" అని నన్నడిగింది. మూడు నెలలకు వాపు చాలావరకు దిగింది. మేడం చేతిపనిలో అంత చక్కగా వచ్చిన ముక్కు నేను చూడలేదు. శ్వాస పరీక్షకు చల్లని స్టీలు పలకను ముక్కు కింద పెట్టి వదిలే గాలి చూస్తాం, పలక మీద రెండు వైపులా ఆవిరి మచ్చలు పడతాయి. కురుమూర్తికి రెండు మచ్చలూ సమానంగా పడ్డాయి. ఎడమవైపు పాతికేళ్లుగా ఎరగని గాలి ఆడుతోంది.

తర్వాత ఫారం. ఆపరేషన్ అయినవాళ్లు ఎంత సంతోషంగా ఉన్నారో తెలుసుకోవడానికి మేడం పెట్టిన పద్ధతి అది. రూపం, శ్వాస, నిద్ర, వాసన ఇలా పది ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి పది వరకు వాళ్లే మార్కులు వేయాలి. వాళ్లే వేయాలన్నది రూలు. జరిగేది వేరు. బయట బెంచీల మీద జనం, లోపల డ్రెస్సింగులు, చేతిలో పెన్ను. నేనే అడిగి నేనే రాసేదాన్ని.

"ముక్కు అందం ఎట్లున్నది కురుమూర్తీ? పది ఏయ్యనా?"

"ఏయుండ్రి సిస్టరమ్మా."

"గాలి మంచిగ ఆడుతుందా? పది?"

"ఆడుతుంది. ఏయుండ్రి."

రెండు నిమిషాల్లో పది పదులు. అతను లేచి తలుపు దాకా వెళ్లి ఆగాడు. "సిస్టరమ్మా, ఆరు వారాలు వాయించకుంటే సాధకం మొత్తం పోతదా?" అన్నాడు.

"మల్ల జేస్తే మల్ల వస్తది. దానికేంది," అన్నాను, తర్వాతి మనిషిని రమ్మంటూ. అతను దండం పెట్టి వెళ్లిపోయాడు. మేడం ఆ ఫారం చూసి మురిసిపోయారు. మరుసటి ఏడాది చివర హైదరాబాద్‌లో జరిగే డాక్టర్ల సమావేశంలో మా ఆసుపత్రి ఫలితాలు చూపించాల్సి ఉంది. ఆ వరుసలో మొదటి ఫొటో కురుమూర్తిదే పెట్టారు.

మాఘంలో మా ల్యాబ్‌లో పనిచేసే స్వప్న చెల్లెలి పెళ్లి కోడేరులో జరిగింది. పగటి ముహూర్తం. మేడం రాలేకపోతే ఆసుపత్రి తరఫున నేను వెళ్లాను. మేళం ఎవరిదో అని చూస్తే మా కురుమూర్తి. తలపాగా, కొత్త శాలువా, నిటారుగా ముక్కు. నేనే చేసినంత గర్వంగా అనిపించింది. పక్కన కూర్చున్నామెకు, "ఆ ముక్కు మా దగ్గర చేసిందే," అని చెప్పాను కూడా.

జీలకర్ర బెల్లం వేళ పంతులు చెయ్యెత్తి గట్టిమేళం అన్నాడు. అప్పుడు సన్నాయి, డోలు కలిసి జోరుగా మోగాలి. మండపంలో ఎవరైనా తుమ్మినా, అనకూడని మాట అన్నా పెళ్లికూతురి చెవిన పడకూడదని పెద్దల నమ్మకం. అందుకే మేళం తెగకూడదు. అది తెగింది. సన్నాయి పైకి లేచి, ఎక్కిళ్లు వచ్చినట్టు ఒకచోట ఆగి, మళ్లీ అందుకుని, మళ్లీ ఆగింది. బావమరిది డోలును రెండింతలు బాది ఆ ఖాళీని కప్పేశాడు. చాలామందికి తెలియలేదు. పెళ్లికూతురి మేనత్త మాత్రం, "ఏంది, సన్నాయి ఆగె? గిప్పుడు ఆగొద్దు గద," అని గొణిగింది.

నా చూపు అతని ముక్కు మీద పడింది. అదృష్టమో అలవాటో కానీ, గుళ్లో ఉన్నా బస్సులో ఉన్నా నేను మనుషుల ముక్కులు చూస్తాను. కురుమూర్తి బుగ్గలు గాలితో ఉబ్బి ఉన్నాయి. ఆ బుగ్గల్లోని గాలిని సన్నాయిలోకి తోస్తూనే ముక్కుతో చటుక్కున గాలి లాగుతున్నాడు. నోరు ఊదుతూ ఉంటే ముక్కు పీలుస్తుంది, అందుకే పాట తెగదు. ఇంతకాలం ఎన్ని పెళ్లిళ్లలో సన్నాయి విన్నానో, ఈ సంగతి ఒక్కనాడూ గమనించలేదు. అతను లాగిన ప్రతిసారీ ముక్కు రెండు పక్కలా లోపలికి పీక్కుపోయి దారి మూసుకుంటోంది. తినబోయిన లడ్డూ నా చేతిలోనే ఉండిపోయింది.

భోజనాలప్పుడు పందిరి వెనక అతన్ని పట్టుకున్నాను.

"గిట్ల ఎన్నాళ్ల సంది అయితుంది?"

తల దించుకున్నాడు. "వాయించుడు మల్ల మొదలువెట్టిన కాంచి."

"మరి ఫారంల పదికి పది ఎందుకు ఏయించినవ్?"

"అబద్ధం చెప్పలే సిస్టరమ్మా. కూసుంటే గాలి ఆడుతది, పండుకుంటే ఆడుతది. ఎన్కటి కన్న మంచిగనే ఆడుతది. మీరు అవే అడిగిండ్రు. సన్నాయి సంగతి అడగలే."

"నువ్వు చెప్పొద్దా?"

"మేడం గంత కష్టపడి చేసిండ్రు. చూసినోళ్లందరు మెచ్చుకుంటుండ్రు. దాంట్ల వంక వెట్టుడు మర్యాద గాదు గద. అయినా తప్పు నాదే అనుకున్న. నెలన్నర సాధకం బందు వెడితే గిట్లనే అయితదేమో అని. దినాం తెల్లారంగనే కాలువ గట్టు మీదికి పోయి రెండు గంటలు వాయిస్తున్న. తక్కువైతలేదు." "మూడు ఇండ్లోళ్లు వేరే మేళం చెప్పుకున్నరు," అన్నాడు. "మా నాయిన చేతిల సన్నాయి ఇది. నా చేతిల ఆగిపోతదేమో అని పరేషాన్ అయితుంది."

నేను చెయ్యి కడుక్కుని వచ్చి, అతని బుగ్గ మీద వేలుంచి ముక్కు పక్క చర్మాన్ని బయటికి లాగి పట్టుకున్నాను. "ఇప్పుడు సన్నాయి వాయించేటప్పుడు లాగినట్టు లాగు."

లాగాడు. కళ్లు పెద్దవి చేశాడు. "వచ్చింది. గాలి వచ్చింది." అక్కడ అన్నం వడ్డిస్తున్నవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు. నడివయసు మనిషి బుగ్గ పట్టుకుని నిలబడ్డ ఆడమనిషిని వింతగానే చూస్తారు మరి.

తిరుగు బస్సులో నాకు మనసు మనసులో లేదు. తలుపు దగ్గర ఆగి సాధకం గురించి అడిగినప్పుడు అతను అడిగింది ఇదే. నేను వినలేదు. "పది ఏయ్యనా" అని నేనడిగితే తొమ్మిది అనే ధైర్యం మా పల్లెల్లో ఎవరికుంటుంది? డాక్టరమ్మ చేసిన పనికి ఒక మార్కు తగ్గించడమంటే పెట్టిన అన్నానికి వంక పెట్టినట్టే వాళ్లకు. అది తెలిసి పుట్టి పెరిగినదాన్నే నేను. సిగ్గేసింది.

మర్నాడు చెబితే మేడం మొదట ఒప్పుకోలేదు. "ఎండోస్కోపీలో బాగుంది కదా సిస్టర్. దారి తెరిచే ఉంది," అన్నారు. నేను, "కూర్చున్నప్పుడు చూశాం మేడం. వాయించేటప్పుడు చూడలేదు," అన్నాను. "సన్నాయి పట్టుకుని రమ్మను," అన్నారు ఆవిడ.

రెండు రోజుల తర్వాత కురుమూర్తి సన్నాయిని గుడ్డలో చుట్టుకుని వచ్చాడు. ఓపీ గదిలో వాయించాడు. మేడం టార్చి వేసి అతని ముక్కునే చూస్తున్నారు. బయట బెంచీల మీద జనం లేచి తలుపు దగ్గర మూగారు. చెవులు వినబడటం లేదని బల్మూరు నుంచి వచ్చిన ముసలమ్మ అందరికన్నా ముందుంది. నాలుగో ఊపిరికి పాట తెగింది. మేడం నా వైపు చూసి, "టేపు," అన్నారు. ముక్కు మీద అడ్డంగా అంటిస్తే పక్కలను బయటికి లాగిపట్టే పట్టీ ఉంటుంది. అంటించాను. మళ్లీ వాయించాడు. ఈసారి తెగలేదు. కళ్లు మూసుకుని వాయిస్తూనే ఉన్నాడు, ఆపమని ఎవరూ అనలేదు. జయమ్మ గోడకానుకుని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను మందుల ట్రే సర్దుతున్నట్టు అటు తిరిగాను.

జరిగింది ఇదీ. ముక్కులో పైభాగాన అన్నిటికన్నా ఇరుకైన చోటు ఒకటుంది. నేసల్ వాల్వ్ అంటాం. గూనిని తగ్గించినప్పుడు ఆ చోటుకు పక్కనుండే ఆసరా కొంత పోయింది. మామూలు శ్వాసకు అది చాలు. చటుక్కున లాగితే పక్కలు నిలబడవు. పాత వంకర ముక్కులో కుడివైపు రంధ్రం ఒక్కటే పనిచేసినా, దాని గోడలు గట్టిగా ఉండేవి. దాన్ని నమ్ముకునే అతను పాతికేళ్లు వాయించాడు. మేము రెండు దారులు తెరిచి, రెండు గోడలూ బలహీనం చేశాం.

దీనికి మందు స్ప్రెడర్ గ్రాఫ్ట్. చెవి వెనక నుంచి మృదులాస్థి తీసి, సన్నని బద్దలుగా కోసి, ఆ ఇరుకు చోట రెండు పక్కలా ఆసరాగా పెడతారు. అయితే మొదటి ఆపరేషన్ గాయం పూర్తిగా కుదురుకోవాలంటే ఏడాది ఆగాలి. మేడం దాచకుండా చెప్పారు. "మా వైపు నుంచి జరిగిన లోటు ఇది. సరిచేస్తాను. కానీ ముక్కు ఇప్పుడున్నంత సన్నగా ఉండదు, నడిమిన కొంచెం వెడల్పవుతుంది."

కురుమూర్తి వెంటనే సరే అనలేదు. అద్దం అడిగాడు. అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "రెండూ ఉండయా మేడం?" అన్నాడు చిన్నగా. అందం మీద ఆశ ఉన్న మనిషి, దాచుకోలేదు. జయమ్మే అంది, "నాకు ముక్కు ఎట్లున్నా సరే. నువ్వు తెల్లారంగనే కాలువకు పోయి వచ్చి, అన్నం తినకుండ కూసునుడు నేను చూడలేను."

అతను అద్దం నాకిచ్చేశాడు. "చెయ్యుండ్రి," అన్నాడు.

ఆ వేసవి పెళ్లిళ్లన్నీ ముక్కు మీద పట్టీతోనే వాయించాడు. అందంగా కనబడాలని చేయించుకున్న ముక్కు మీద గోధుమరంగు పట్టీ. తీసేయమని కెమెరావాళ్లు పోరితే, "ముహూర్తం అయినంక తీస్త, అప్పుడు తీసుకో ఫొటో," అనేవాడట. మరుసటి ఆషాఢంలో రెండో ఆపరేషన్ జరిగింది. 2023లో శ్రావణానికి ముందు అధికమాసం వచ్చింది. ఆ నెలా పెళ్లిళ్లు లేవు. ఆరు వారాల విశ్రాంతికి ఒక్క పెళ్లి కూడా వదులుకోవాల్సిన పని పడలేదు. "దేవుడే నెల కలిపిండు," అన్నాడు కురుమూర్తి. ఆపరేషన్ అయిన ఆరు వారాలకు ఓపీ గదిలోనే అతని చేత సన్నాయి వాయింపించాం. టేపు లేకుండా. బయట టోకెన్లు పిలవడం మరిచిపోయి మా అటెండర్ కూడా లోపలికే వచ్చింది.

సమావేశంలో మేడం అతని కేసు చూపించడం మానలేదు. ఫొటోలతో పాటు, మొదటి ఆపరేషన్ తర్వాత తెగిన సన్నాయిని, రెండో దాని తర్వాత తెగని సన్నాయిని ఫోన్‌లో వినిపించారట. ఆ రోజు అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు తననే అడిగారని చెప్పారు. ఆవిడ మీద నాకున్న గౌరవం ఆ రోజు ఇంకాస్త పెరిగింది.

మా ఫారం కూడా మారింది. ఇప్పుడు మొదటి ప్రశ్న నేను చేతితో రాసి జిరాక్స్ తీయించింది. "ఈ ముక్కుతో మీరు చేసే పని ఏది?" అని. మొదట్లో జనం నవ్వుతారు, ముక్కుతో పనేంది, గాలి పీల్చుడే గద అంటారు. కాసేపు ఊరుకుంటే చెబుతారు. మిర్చి కల్లంలో పనిచేసే ఆమె ఘాటు గురించి చెబుతుంది, పాలకేంద్రంలో పనిచేసే మనిషి విరిగిన పాలను వాసనతోనే పట్టాలంటాడు. ఆ జవాబు ఆపరేషన్‌కు ముందే మేడం బల్ల మీద ఉంటుంది.

రెండో ఆపరేషన్ అయిన ఆరు నెలలకు కురుమూర్తి ఫాలోఅప్‌కు వచ్చాడు. ముక్కు నిటారుగానే ఉంది, నడిమిన కొంచెం వెడల్పయింది. ఈసారి నేను పెన్ను బల్ల మీద పెట్టేసి, చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"ముక్కు అందానికి ఎన్ని ఏస్తవ్? నేను చెప్ప, నువ్వే చెప్పు."

అతను మేడం గది వైపు ఒకసారి చూశాడు. గొంతు తగ్గించి, "ఏడు," అన్నాడు.

"వాయించెటప్పుడు గాలికి?"

"దానికి పది. ఇది నిజం పది సిస్టరమ్మా."

ఏడు అన్న చోట ఏడు, పది అన్న చోట పది రాశాను. ఇరవై రెండేళ్ల కొలువులో ఎన్నో ఫారాలు నింపాను. నాకు ఎక్కువ సంతోషం ఇచ్చిన అంకె మాత్రం ఆ ఏడే. నా ముందు కూర్చున్న మనిషి మొహమాటాన్ని దాటి చెప్పిన మొదటి అంకె అది. అది ఉంది కాబట్టే పక్కనున్న పదిని నేను నమ్మాను.